పాత బ్యాటరీ ఎవరికివ్వాలి, పాదరసం ఎక్కడ పెట్టాలి: వైజాగ్‌లో మనకున్న దారులు

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మెట్ల కింద నాలుగు చచ్చిన ఇన్వర్టర్ బ్యాటరీలు రెండేళ్లుగా పడి ఉన్నాయి. ఈ ఏడాది అసోసియేషన్ పని నా మెడకి చుట్టుకుంది కాబట్టి వాటి సంగతి తేల్చాల్సింది నేనే. అదే నెలలో మా మావయ్య అక్కయ్యపాలెంలో ముప్పై ఏళ్లు నడిపిన క్లినిక్ ఖాళీ చేశాం, అల్మరా వెనకాల పాదరసం బీపీ మెషీన్లు రెండు, థర్మామీటర్లు ఒక గుప్పెడు బయటపడ్డాయి. ఇక పగలు నేను చేసేది ఆటోనగర్‌లో చిన్న చిన్న యూనిట్లకి పొల్యూషన్ కంట్రోల్ బోర్డు కాగితాలు రాసిపెట్టే పని. అక్కడ క్రోమ్ ప్లేటింగ్ షాపు నడిపే ఒకాయన "ఈ బురద డ్రమ్ములు ఎన్నాళ్లు పెట్టుకోవచ్చండీ" అని వారానికోసారి అడుగుతూనే ఉంటాడు. సీసం, పాదరసం, క్రోమియం. మూడూ ఒకేసారి నెత్తిన పడితే గానీ నాకు తెలిసిరాలేదు, ఈ మూడింటికీ ఒకే సలహా చెప్పడం కుదరదని.

ఎందుకంటే సీసాన్ని కొనేవాడు మన వీధిలోకే వస్తాడు. పాదరసాన్ని ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. క్రోమియం బురదకైతే మనమే ఎదురు డబ్బులిచ్చి పంపించాలి. అందుకే మనం చేసే తప్పు కూడా దేనికదే: సీసాన్ని ఎక్కువ రేటు చెప్పినవాడికి అమ్మేస్తాం, పాదరసాన్ని చెత్తబుట్టలో పడేస్తాం, బురదని వెనక షెడ్డులో దాచేస్తాం. రూల్స్ చదివితే ఆ మూడు తప్పుల్నీ అడ్డుకోడానికే మూడు రకాలుగా రాశారా అనిపిస్తుంది.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. కూరగాయ తొక్కు కుళ్లిపోతుంది, రసాయనాలు చాలావాటిని బాగా వేడి పెట్టి కాల్చి నాశనం చెయ్యొచ్చు. లోహం అలా కాదు. కాలిస్తే పొగలోకో బూడిదలోకో పోతుంది, పాతితే నీళ్లలోకి దిగుతుంది, కానీ ఒక్క గ్రాము కూడా తగ్గదు. కాబట్టి నిజానికి మనకున్నవి రెండే దారులు, మళ్లీ వాడుకునేవాడికి చేర్చడం, లేదా బయటికి రాకుండా బంధించేవాడికి చేర్చడం. మధ్యలో ఎవరి చేతులు మారుతుందన్నదే తేడా.

సీసం: తుక్కు ఆటోకా, షాపుకా?

"పాత ఇనుము, పాత ప్లాస్టిక్, పాత బ్యాటరీలు కొంటాం" అని మైకు పెట్టుకుని తిరిగే ఆటో మీ వీధిలోకీ వచ్చే ఉంటుంది. మా సెల్లార్ బ్యాటరీలకి బ్యాటరీ షాపు చెప్పిన దానికంటే ఆ ఆటో అతను కిలోకి పన్నెండు రూపాయలు ఎక్కువ చెప్పాడు. అతను మంచివాడే, త్రాసు కూడా సరిగ్గా పట్టాడు. అయితే "యాసిడ్ తీసేసి తూస్తా" అని ఒక బ్యాటరీని కాలువ గట్టు మీదకి ఈడ్చి, మూతలు తిప్పి, వంచేశాడు. సిమెంటు బుస్సుమని నురగ పొంగింది. నేను కేక వేసే లోపల సగం పోయింది. ఆ నురగ అంతా యాసిడ్ ఒక్కటే కాదు, ప్లేట్ల నుంచి రాలిన సీసం పొడి కూడా అందులో ఉంటుంది, అది కాలువ మట్టిలో కూర్చుంటుంది, రేపు పూడిక తీసినప్పుడు రోడ్డు పక్కన ఆరబెడతారు, ఎండితే దుమ్ము. ఆ కాలువ పక్కనే మా పిల్లలు క్రికెట్ ఆడతారు.

అక్కడితో అయిపోదు. ఎక్కువ రేటు ఎలా ఇవ్వగలుగుతున్నాడు అని ఆలోచించండి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి యాసిడ్‌తో కలిపి యాభై కిలోల పైనే తూగుతుంది, అందులో సగం పైన సీసమే. పర్మిషన్ ఉన్న రీసైక్లింగ్ ప్లాంటులో యాసిడ్‌ని వేరే పట్టి తటస్థం చెయ్యాలి, కొలిమి పొగని ఫిల్టర్ల గుండా పంపాలి, పనివాళ్లకి రక్తంలో సీసం పరీక్షలు చేయించాలి, వీటన్నిటికీ ఖర్చవుతుంది. ఊరి బయట గొడ్డలితో పెట్టె పగలగొట్టి, గుంటలో బొగ్గేసి కరిగించేవాడికి ఆ ఖర్చు లేదు. ఆ ఖర్చునే మనకి పన్నెండు రూపాయలుగా పంచుతున్నాడు. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి వేసిన రిపోర్టు ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరికి, అంటే దాదాపు 80 కోట్ల మందికి, రక్తంలో సీసం డెసిలీటరుకి 5 మైక్రోగ్రాములు లేదా అంతకంటే ఎక్కువ ఉంది, దానికి పెద్ద కారణాల్లో ఇలా బ్యాటరీలు కరిగించడం ఒకటి. 5 మైక్రోగ్రాముల దగ్గరే చర్య తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మరి షాపు దారి. మన దేశంలో బ్యాటరీలకి ప్రత్యేకంగా 2001లోనే రూల్స్ వచ్చాయి, అమ్మినవాడే పాతది వాపసు తీసుకోవాలన్న పద్ధతి అప్పటిదే. వాటి స్థానంలో 2022 ఆగస్టులో బ్యాటరీ వేస్ట్ మేనేజ్‌మెంట్ రూల్స్ వచ్చాయి. ఇందులో సీసం బ్యాటరీలే కాదు, సెల్‌ఫోన్‌వి, రిమోట్ సెల్స్, ఎలక్ట్రిక్ బళ్లవి అన్నీ కలిశాయి. తయారుచేసిన కంపెనీయే పాతవాటిని సేకరించి రీసైకిల్ చేయించిన లెక్క చూపించాలి, ఎంత శాతం అన్నది ఏడాదికేడాది నిర్ణయించి ఉంటుంది. మన మీద కూడా ఒక బాధ్యత పెట్టారు, చాలామందికి తెలియదు: మామూలు చెత్తతో కలపకుండా విడిగా పెట్టి, సేకరణకో రీసైక్లింగ్‌కో అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. బ్యాటరీ మీద చక్రాల చెత్తబుట్ట బొమ్మ కొట్టేసి ఉంటుంది చూడండి, దాని అర్థం అదే.

కాబట్టి ఇంటికి ఒకటో రెండో బ్యాటరీలున్నవాళ్లకి నా సలహా ఒకటే, కొత్తది కొనేటప్పుడు పాతది షాపుకే ఇవ్వండి. రేటు తక్కువే వస్తుంది, ఒప్పుకుంటాను. కానీ బిల్లులో "పాత బ్యాటరీ వాపస్" అని బరువుతో సహా రాయించుకోండి, సీరియల్ నంబరు కూడా వేయించుకోండి. రాయనన్నాడనుకోండి, ఆ షాపుకీ ఆటోకీ పెద్ద తేడా లేదు, ఎందుకంటే సాయంత్రానికి ఆ షాపువాడే అదే ఆటోని పిలుస్తాడు. ఇలాంటివి నేను చూశాను, పేర్లు వద్దు. ఇంకో షాపు చూసుకోండి.

హాస్పిటళ్లు, బ్యాంకు బ్రాంచీలు, పెద్ద అపార్ట్‌మెంట్లు, అంటే యూపీఎస్ బ్యాటరీలు ఒకేసారి ఇరవై ముప్పై మార్చేవాళ్ల సంగతి వేరు. వాళ్లు నేరుగా రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కి అమ్మొచ్చు, బేరం కూడా బాగుంటుంది. వేలం పెట్టే ముందు కొనేవాడి దగ్గర బోర్డు ఇచ్చిన అనుమతి కాపీ అడగండి, గడువు తేదీ చూడండి, అందులో రాసిన సామర్థ్యం ఎంతో చూడండి. ఏడాదికి వంద టన్నుల అనుమతి ఉన్నవాడు ఊరంతా కొంటున్నాడంటే మిగతాది ఎక్కడికి పోతోందో ఊహించుకోవచ్చు.

నాలుగో దారి, మేం చేసినది, అంటే మెట్ల కింద పడేసి మర్చిపోవడం. ఇది ఎంపిక అని ఎవరూ అనుకోరు గానీ వైజాగ్‌లో ఎక్కువ మంది చేసేది ఇదే. మన ఉప్పుగాలికి టెర్మినళ్లు తెల్లగా పూసి, పెట్టె అంచు పగిలి, ఒక రోజు యాసిడ్ నేల మీదకి వస్తుంది. తప్పదు అనుకుంటే కొన్ని వారాల పాటు ప్లాస్టిక్ ట్రేలో నిటారుగా, టెర్మినళ్లకి టేపు వేసి, వాన పడని, పిల్లలు వెళ్లని చోట పెట్టండి. వంటింటి బాల్కనీ మాత్రం వద్దు.

ఫిషింగ్ హార్బర్ వైపు ఉండేవాళ్లకి ఒక మాట. వలలకి కట్టే సీసం గుండ్లు ఇంటి దగ్గరే పాత బ్యాటరీ ప్లేట్లతో పోత పోసుకోకండి. అన్నం వండే పొయ్యి మీదైతే అసలే వద్దు. పోత పోసిన గుండ్లు బయట కొనుక్కుంటే నాలుగు రూపాయలు ఎక్కువవుతాయేమో, పొగ మాత్రం ఇంట్లోకి రాదు.

పాదరసం: ఇక్కడ దారులు తక్కువ

క్లినిక్ ఖాళీ చేస్తున్న రోజు మావయ్య బీపీ మెషీన్ ఒకటి చేతిలోంచి జారింది. మొజాయిక్ నేల మీద పాదరసం ఆవగింజల్లా విడిపోయి, బీరువా కిందకి, గుమ్మం సందులోకి పరిగెత్తింది. మా అత్తయ్య అలవాటు ప్రకారం చీపురు తెచ్చింది. సరిగ్గా చెయ్యకూడనిది అదే. చీపురుతో ఊడిస్తే ఒక్కో చుక్కా వంద చుక్కలవుతుంది, ఆవిరి అయ్యే ఉపరితలం పెరుగుతుంది. వాక్యూమ్ క్లీనర్ ఇంకా ఘోరం, వేడి గాలితో పాటు ఆవిరిని గదంతా చిమ్ముతుంది, ఆ మెషీన్ తర్వాత పనికిరాదు కూడా. మేం చేసింది ఇది: పిల్లల్ని బయటికి పంపి, ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి, చేతికి గ్లవ్స్ వేసుకుని, పెళ్లి శుభలేఖ అట్టలు రెండు తీసుకుని చుక్కల్ని ఒకదానివైపు ఒకటి నెట్టాం, అవి దగ్గరికొస్తే వాటంతట అవే కలిసిపోతాయి. గది చీకటి చేసి టార్చి నేల మీద అడ్డంగా వేస్తే సందుల్లో ఉన్నవి మెరుస్తాయి. సూది లేని సిరంజితో పీల్చి, మిగిలిన చిన్నవాటిని టేపుతో అద్ది, అన్నీ మూత గట్టిగా బిగిసే గాజు జాడీలో వేసి, పైన కొంచెం నీళ్లు పోశాం. అట్టలు, టేపు, గ్లవ్స్ కూడా ఇంకో కవర్లో కట్టి పక్కనే పెట్టాం.

అత్తయ్య ఉంగరం తీయడం మాత్రం మర్చిపోయింది. గ్లవ్స్ వేసుకునే ముందే ఒక చుక్క తగిలినట్టుంది, మేలిమి బంగారం ఉంగరం ఒక పక్క వెండిలా తెల్లబడింది. "కంసాలి దగ్గర కాల్పిస్తే పోతుంది" అంది. పోతుంది, నిజమే, కానీ ఆ ఆవిరి పోయేది కంసాలి ఊపిరితిత్తుల్లోకి. ఉంగరాన్ని ఒక చిన్న జాడీలో వేసి మూత పెట్టాం, ఇప్పటికీ అడుగుతూనే ఉంది.

ఒక థర్మామీటర్‌లో ఉండేది గ్రాము అటూ ఇటూ. బీపీ మెషీన్‌లో వంద గ్రాముల దాకా ఉంటుంది. సీఎఫ్ఎల్ బల్బులో కొన్ని మిల్లీగ్రాములే. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే ఎంత భయపడాలో, ఎంత శ్రమపడాలో తెలుస్తుంది. బల్బు పగిలితే ఒక పావుగంట కిటికీలు తెరిచి బయటికి వెళ్లి, వచ్చాక అట్టతో ఎత్తి టేపుతో తుడిస్తే చాలు, దానికి టెన్షన్ పడక్కర్లేదు. బీపీ మెషీన్ పగిలితే మాత్రం ఆ గది రోజంతా వాడకండి.

ఇప్పుడు దారులు చూద్దాం. చెత్తబుట్టలో వేస్తే అది బండి ఎక్కి, నలిగి, కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి చేరుతుంది. కుప్పలో ఉంటే మెల్లగా ఆవిరవుతుంది, ఎక్కడైనా కాలితే ఒక్కసారిగా. సింకులో పోస్తే పైపు వంపులో ఏళ్ల తరబడి కూర్చుంటుంది. క్లినిక్ వాళ్లు చేసే ఇంకో తప్పు, పసుపు కవర్లో వేసి బయోమెడికల్ బండికి ఇచ్చెయ్యడం. పసుపు కవరు వెళ్లేది కొలిమిలోకి, పాదరసం కొలిమిలో ఆగదు, చిమ్నీ దారి పడుతుంది. సిమెంటు ఫ్యాక్టరీ కొలిమి కూడా దీనికి పనికిరాదు, అదే కారణం.

ఇళ్లవాళ్లకి రూల్ ఏం చెప్పిందంటే, 2016 సాలిడ్ వేస్ట్ రూల్స్‌లో ఇంటి ప్రమాదకర చెత్త అని ఒక వర్గం పెట్టారు (2026 ఏప్రిల్ నుంచి ఆ రూల్స్ స్థానంలో కొత్తవి వచ్చాయి). సీఎఫ్ఎల్, ట్యూబులైట్లు, పగిలిన థర్మామీటర్లు, వాడేసిన బ్యాటరీలు, పెయింటు డబ్బాలు, పురుగుమందు డబ్బాలు, గడువు తీరిన మందులు దాని కిందకి వచ్చేవి. వీటిని తీసుకోడానికి 20 చదరపు కిలోమీటర్లకి ఒక కేంద్రం చొప్పున ఊరి సంస్థ పెట్టాలని అందులో ఉండేది, ఆ లెక్కన జీవీఎంసీ (మన కార్పొరేషన్) అంత పెద్ద ఊరికి ముప్పై దాటాలి. 2021 అక్టోబరులో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పథకం కింద ఇళ్లకి మూడు బుట్టలు ఇచ్చారు గుర్తుందా, ఆకుపచ్చ తడికి, నీలం పొడికి, ఎరుపు వీటికి. చాలా ఇళ్లలో ఎర్ర బుట్టలో ఇప్పుడు ఉల్లిపాయలు ఉంటున్నాయి, మా ఇంట్లోనూ అంతే. ట్యూబులైట్లు, సెల్స్, బల్బులకైతే ఎర్ర బుట్ట దారే సరైనది, పగలకుండా అట్టపెట్టెలో పెట్టి, బండివాళ్లకి చేతికిచ్చి, ఇందులో ఏముందో నోటితో చెప్పండి. దగ్గర్లో సేకరణ కేంద్రం ఎక్కడ, ఏ టైముల్లో అన్నది వార్డు సచివాలయంలో అడగండి.

వంద గ్రాముల పాదరసం ఉన్న జాడీని మాత్రం అలా ఇవ్వకండి. అది ఇంటి చెత్త కాదు. క్లినిక్‌దైతే క్లినిక్ పేరు మీద, డాక్టర్ గారి లెటర్‌హెడ్ మీద, ఎన్ని మెషీన్లు, ఎంత బరువు అని రాసి పొల్యూషన్ కంట్రోల్ బోర్డు రీజినల్ ఆఫీసులో ఇచ్చి, రసీదు స్టాంపు వేయించుకుని, వాళ్లు చెప్పిన సంస్థకి అప్పగించాలి. అప్పటిదాకా ఇంట్లో కాదు, తాళం వేసే చోట, ఎండ తగలకుండా, జాడీ కింద ఒక ట్రే పెట్టి, పైన తెలుగులో "పాదరసం, విషం, తెరవొద్దు" అని చీటీ అంటించి ఉంచండి. అంటే ఈ ఒక్క విషయంలో మాత్రం, దాచి పెట్టుకోవడమే పారెయ్యడం కంటే మంచిదని నేను చెప్తున్నాను, సీసానికి చెప్పిన దానికి పూర్తిగా రివర్స్‌లో.

పాదరసాన్ని వదిలించుకోవడం ఎంత కష్టమో తెలియాలంటే కొడైకెనాల్ కథ చాలు. అక్కడి థర్మామీటర్ ఫ్యాక్టరీ 2001లో మూతపడింది. మిగిలిన పాదరసం చెత్త 290 టన్నులు 2003లో ఓడెక్కించి అమెరికా పంపారు. ఆ తర్వాత కూడా ఫ్యాక్టరీ మట్టిని శుభ్రం చేసే గొడవ ఏళ్ల తరబడి నడిచింది.

అందుకే అసలు కొనకపోవడమే అన్నిటికంటే తేలిక. పాదరసం వాడకాన్ని అదుపు చేసే మినమాటా అంతర్జాతీయ ఒప్పందం 2017 ఆగస్టులో అమల్లోకి వచ్చింది, మన దేశం 2018 జూన్‌లో ఆమోదించింది, పాదరసం థర్మామీటర్లు, బీపీ మెషీన్ల తయారీ ఆపడం అందులో భాగమే. "పాదరసం దానిదే కరెక్టు రీడింగ్" అనే పెద్ద డాక్టర్లు ఇంకా ఉన్నారు, మా మావయ్య కూడా. డిజిటల్ది ఏడాదికోసారి చెక్ చేయించుకుంటే ఇంటికి చాలు. ట్యూబులైటు పోతే ఎల్ఈడీ వేసుకోండి, అందులో పాదరసం లేదు.

క్రోమియం బురద: కాగితాల యుద్ధం

ఇది ఇళ్లవాళ్లకి అక్కర్లేదు, వదిలేసి కిందకి వెళ్లొచ్చు. చిన్న ప్లేటింగ్, గాల్వనైజింగ్ షాపులవాళ్లకి రాస్తున్నాను.

ప్లేటింగ్ తొట్టిలో ఉండేది హెక్సావాలెంట్ క్రోమియం, నీళ్లలో ఇట్టే కరిగే రకం, క్యాన్సర్ తెచ్చే రకం. కడిగిన నీళ్లు నారింజ పసుపు రంగులో ఉంటాయి. యాసిడ్ వేసి పీహెచ్ 2, 3 మధ్యకి దించి, మెటాబైసల్ఫైట్ వేస్తే కళ్ల ముందే పసుపు పోయి ఆకుపచ్చగా మారుతుంది. ఆ తర్వాత సున్నం వేసి పీహెచ్ 8 దాటిస్తే పచ్చటి బురదగా కిందకి దిగుతుంది. ఆ బురద నీళ్లలో సులువుగా కరగదు. ఇది చెయ్యకుండా పసుపు నీళ్లకే నేరుగా సున్నం కొట్టి "ట్రీట్‌మెంట్ అయింది" అనేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నేను వాదించడం మానేశాను, లాబ్ రిపోర్టే మాట్లాడుతుంది.

ఇప్పుడు ఈ బురదని ఏం చెయ్యాలి? మొదటి దారి నిల్వ. 2016 హజార్డస్ వేస్ట్ రూల్స్ ప్రకారం 90 రోజులు పెట్టుకోవచ్చు. ఏడాదికి పది టన్నుల లోపు వచ్చే చిన్న యూనిట్లకి బోర్డు 180 రోజుల దాకా పొడిగించొచ్చు, కానీ దానంతట అది రాదు, అడగాలి. "అయిదేళ్ల నుంచి ఇక్కడే ఉంది, ఎవరూ అడగలేదు" అనేది పర్మిషన్ కాదండీ. పెట్టుకునే చోటు కూడా అలా ఇలా కాదు: పైన కప్పు, కింద నీళ్లు ఇంకని నేల, చుట్టూ గట్టు, కారింది చేరడానికి గుంట, డ్రమ్ము మీద హజార్డస్ వేస్ట్ అని తెలుగులో కూడా లేబుల్. మన ఊరికి నేను రెండు మాటలు కలుపుతాను. ఒకటి, ఇనుప డ్రమ్ములు వాడకండి, గాజువాక గాలికి రెండు వానాకాలాల్లో అడుగు తుప్పు పట్టి రాలిపోతుంది, గట్టి ప్లాస్టిక్ డ్రమ్ములు కొనండి. రెండు, 2014 అక్టోబరు 12 మర్చిపోకండి. హుద్‌హుద్ రోజు రేకుల షెడ్లు కాగితాల్లా ఎగిరాయి. తుఫాను నెలలు మొదలయ్యే ముందే, అంటే సెప్టెంబరులోపు, స్టాకు ఖాళీ చేసుకోవడం మంచిది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగిన గ్యాస్ లీకు లోహం సంగతి కాదు, స్టైరీన్ అనే రసాయనం, కానీ అది కూడా నడుస్తున్న ప్లాంటులో కాదు, నిల్వ ఉన్న ట్యాంకులోనే మొదలైంది.

రెండో దారి, పరవాడ ఫార్మా సిటీలో ఉన్న ప్రమాదకర వ్యర్థాల శుద్ధి, పారవేత కేంద్రం, అంటే టీఎస్‌డీఎఫ్‌కి పంపడం. అక్కడ ముందు శాంపిల్ చూస్తారు. నీళ్లలోకి ఎంత లోహం వదులుతుందో కొలిచే పరీక్ష ఒకటుంది, లీటరుకి క్రోమియం 5, సీసం 5, కాడ్మియం 1, పాదరసం 0.2 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదకరం కింద లెక్క. దాన్ని సిమెంటు, సున్నం, ఫ్లై యాష్ లాంటివి కలిపి గట్టిపరిచి, ప్లాస్టిక్ పొర, బంకమట్టి పొర వేసిన గుంటలో పెడతారు. ఆ గుంట నిండి మూసేశాక కూడా ముప్పై ఏళ్లు కనిపెట్టి ఉండాలి. ఖర్చు టన్నుల్లో లెక్క కాబట్టి ఇక్కడ ఒక చిన్న కిటుకు: తడి బురద పంపితే మీరు నీళ్లకి డబ్బులిస్తున్నట్టు. ఫిల్టర్ ప్రెస్ వేసి, కప్పు కింద ఆరబెట్టి పంపండి. మా ప్లేటింగ్ ఆయన బిల్లు దీంతోనే బాగా తగ్గింది, అప్పట్నుంచి నన్ను "గురువుగారూ" అంటున్నాడు.

మూడో దారి అమ్మడం, లేదా ఎవరో ఇటుకల్లో కలుపుకుంటాం అంటే ఇచ్చెయ్యడం. వినడానికి బాగుంటుంది, వ్యర్థం వాడకంలోకి వచ్చింది కదా అని. కానీ ఇటుక బట్టీలో సున్నంతో కలిసి గాలి తగులుతూ కాలితే పచ్చటి క్రోమియం మళ్లీ పసుపు క్రోమియం అవుతుంది, అంటే మీరు కష్టపడి దించిన విషాన్ని మళ్లీ ఎక్కించినట్టు. ఒక వ్యర్థాన్ని ముడిసరుకుగా వాడాలంటే కొనేవాడికి బోర్డు ప్రత్యేక అనుమతి ఉండాలి, ఆ కాపీ చూపించకపోతే సంభాషణ అక్కడే ఆపెయ్యండి.

నాలుగోది నాకు నచ్చినది, అసలు బురదే తగ్గించడం. రూల్స్‌లో కూడా వరస అదే, మొదట రాకుండా చూడు, తర్వాత తగ్గించు, మళ్లీ వాడు, చివరికి గుంట. ట్రైవాలెంట్ తొట్టికి మారితే విషం తగ్గుతుంది, రసాయనం ఖర్చు పెరుగుతుంది, రంగు కొంచెం తేడాగా వస్తుంది, కస్టమర్ ఒప్పుకోవాలి. నెలకి నాలుగు రోజులే ప్లేటింగ్ ఉన్నవాళ్లయితే ఇంకా తేలిక, ట్రీట్‌మెంట్ ప్లాంటు ఉన్న పెద్ద యూనిట్‌కి జాబ్ వర్క్ ఇచ్చెయ్యండి.

ఏ దారైనా, సరుకు గేటు దాటేటప్పుడు మేనిఫెస్ట్, అంటే సరుకు వెంట వెళ్లే పత్రం, ఉంటుంది, ఏడు కాపీలు, ఏడు రంగులు. అందరూ తెల్లది, పసుపుది చూసుకుని ఫైల్ మూసేస్తారు. నేను చూసేది నీలం కాపీ. సరుకు అందుకున్నవాడు దాన్ని శుద్ధి చేసి వదిలించాక మనకి తిరిగి పంపేది అది. లారీ దారిలో ఎక్కడో చీకట్లో ఒంపేసి వెళ్లిపోతే నీలం కాపీ రాదు. అప్పుడు మన బాధ్యత తీరనట్టే, ఎందుకంటే సరిగా చూసుకోక జరిగిన నష్టానికి పుట్టించినవాడు కూడా జవాబుదారీ. పర్యావరణ చట్టం కింద జరిమానా ఇప్పుడు పది వేల నుంచి పదిహేను లక్షల దాకా ఉంది. ఏడాది లెక్క జూన్ 30 లోపు ఇవ్వాలి, జూన్ 29న నాకు ఫోన్ చెయ్యకండి.

ఇదంతా చెప్పి, పరవాడ అంటే ఏదో ఆకాశంలో ఉన్న చోటన్నట్టు మాట్లాడటం నాకు ఇబ్బందిగా ఉంటుంది. అక్కడా ఊళ్లున్నాయి, బావులున్నాయి. మింది దగ్గర 1977లో మొదలైన జింక్ స్మెల్టర్ 2012లో మూతపడింది, జింక్ ఖనిజంతో పాటు సీసం, కాడ్మియం తోడొస్తాయి, ఫ్యాక్టరీ పోయినా అలాంటి చోట నేల గురించి అడగాల్సిన ప్రశ్నలు పోవు. గుంటలోకి పంపే ప్రతి టన్నూ ఎవరో ఒకరి పొలం పక్కకి వెళ్తున్నదే.

మిగతావి గబగబా

రిమోట్ సెల్స్, గడియారం బిళ్ల సెల్స్ ఒక డబ్బాలో పోగేసి ఆర్నెల్లకోసారి ఇవ్వండి, బిళ్ల సెల్స్ చిన్నపిల్లలు మింగితే ప్రాణం మీదకొస్తుంది కాబట్టి ఆ డబ్బా అటక మీదే. పాత డబ్బా టీవీ గాజులో సీసం ఉంటుంది, రాగి తీగ కోసం పగలగొట్టేవాడికి కాకుండా ఈ-వేస్ట్ సేకరణవాళ్లకి ఇవ్వండి, ఆ రూల్స్ 2023 ఏప్రిల్ నుంచి కొత్తవి నడుస్తున్నాయి. పాత ఇంటి కిటికీలకి పెయింటు గీకించేటప్పుడు పొడి మీద గరుకు కాగితం రుద్దించకండి, తడిపి గీకించండి. ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూల్ 2017 నవంబరు నుంచే ఉంది, అంతకు ముందు వేసిన పూతల్లో ఎంతుందో ఎవరికి తెలుసు.

మా సెల్లార్‌లోవి మిగిలిన మూడూ, సగం ఖాళీ అయిన ఆ నాలుగోదీ షాపుకే ఇచ్చాం. ఆటో రేటుతో పోలిస్తే రెండు వేల చిల్లర తక్కువొచ్చింది, మూడో అంతస్తు ఆయన మీటింగులో లెక్క అడిగాడు, బిల్లు మీద సీరియల్ నంబర్లు చూపించాను, ఇంకా గుర్రుగానే ఉన్నాడు. కాలువ గట్టు దగ్గర సున్నం చల్లి, ఆ మట్టి ఎత్తి బస్తాలో కట్టించాను. మావయ్య క్లినిక్ లేఖ ఇచ్చి పది రోజులైంది. జాడీలు తాళం వేసిన అల్మరాలో ఉన్నాయి, పెద్ద జాడీ మీద పాదరసం అని, చిన్నదాని మీద అత్తయ్య ఉంగరం అని రాసి ఉంది.